చీటీలో వచ్చిన పక్షం

పాఠకుల ప్రశ్నలకు మా న్యాయవాది జవాబులు

(ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల వాదనల గురించే ఉన్నాయి. అందుకే పొలం గట్లు, వీలునామాల ప్రశ్నల్ని వచ్చే సంచికకు పక్కన పెట్టాను. అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి 'ఉరిశిక్ష ఉండాలా, వద్దా' అని డిబేట్ పెట్టాను. క్లాసు క్లాసంతా ఉండాలనే వైపే. 'వద్దు' వైపు నేను బలవంతాన నిలబెట్టిన ఇద్దరు పిల్లలు తలా రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. మిగతావాళ్లు ఒకటే గోల. మర్నాడు ఒక పిల్లవాడి తండ్రి వచ్చి, 'నేరస్తుల్ని వెనకేసుకురావడం నేర్పుతున్నారా మాస్టారూ' అన్నాడు. ఇలాంటి విషయాలు బడిలో పెట్టకూడదంటారా?

జవాబు: పెట్టండి మాస్టారూ. కాకపోతే ఉరిశిక్షతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఆ వయసు పిల్లలకు చట్టం గుర్తుకు రాదు, టీవీలో చూసిన ఆఖరి ఘోరం గుర్తొస్తుంది. అంత కోపం మీదున్న క్లాసుకు ఎదురుగా ఇద్దర్ని నిలబెడితే వాళ్లు వాదించరు, దెబ్బలు కాచుకుంటారు.

మీ జిల్లాలోనే బంగారం లాంటి విషయం ఉంది: మద్యనిషేధం. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్షరాస్యత తరగతుల్లో ఆ కథ పాఠంగా వచ్చాక ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో సారా మీద నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. అంటే అయిదేళ్లు తిరక్కుండానే రాష్ట్రమే రెండు పక్షాలూ వాదించేసిందన్నమాట! నిషేధం వైపు పిల్లలకు రాజ్యాంగం 47వ అధికరణ ఉంది, కూలి డబ్బులు ఇంటికి చేరని సంసారాలు ఉన్నాయి. వద్దనే వైపుకు ఖజానా లెక్క ఉంది, పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు ఉంది, కల్తీ సారా చావులున్నాయి, 'నా ఇంట్లో నేను తాగితే సర్కారుకేంటి' అనే మాట కూడా ఉంది. పుస్తకాలు చాలకపోతే ఇంటికెళ్లి నాయనమ్మల్ని అడిగి రమ్మనండి. ఒక్కో నాయనమ్మ ఒక్కో వైపు చెబుతుంది, చూడండి.

ఇక పద్ధతి. నేను సాయంత్రం లా కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక్కటే నియమం పెట్టేదాన్ని. లేచినవాళ్లు తమ వాదన మొదలుపెట్టకూడదు. ముందు అవతలి జట్టు వాదనను, వాళ్లకున్న బలమైన మూడు కారణాలతో సహా, చెప్పాలి. అవతలివాళ్లు విని 'అవును, మేం చెప్పాలనుకున్నది ఇదే' అంటేనే ముందుకు. 'కాదు, అసలు ముక్క వదిలేశావు' అంటే మళ్లీ చెప్పాలి. మన శాస్త్రచర్చల్లో పూర్వపక్షం చెప్పాకే సిద్ధాంతానికి వెళ్లేవాళ్లు కదా, అదే ఇది. వెక్కిరింపుగా చెప్పేవాణ్ణి అవతలి జట్టు ఒప్పుకోదు కాబట్టి గోల దానంతటదే తగ్గుతుంది. తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ అంతా ఈ మొదటి మెట్టుకే సరిపోయినా నష్టం లేదు.

అది అలవాటయ్యాక ఉరిశిక్షకు రండి. అప్పుడు కూడా 'ఉరి మంచిదా చెడ్డదా' అని గాల్లో వదలకండి. చేతికి కాగితాలివ్వండి. లా కమిషన్ 1967లో ఇచ్చిన 35వ నివేదిక ఉరిశిక్ష ఉంచాలంది. అదే కమిషన్ 2015లో ఇచ్చిన 262వ నివేదిక ఉగ్రవాదం, దేశంపై యుద్ధం నేరాలకు తప్ప మిగతావాటికి తీసేయాలంది. 1980 నాటి బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల్లో నలుగురు 'అత్యంత అరుదైన కేసుల్లో ఉండొచ్చు' అన్నారు, జస్టిస్ భగవతి ఒక్కరే రాజ్యాంగ విరుద్ధమన్నారు. రెండు వైపులా పెద్దవాళ్లే ఉన్నారని తెలిస్తే మీ ఇద్దరు పిల్లలకు నోరు లేస్తుంది.

మన ప్రాంతపు కేసు కావాలంటే చిలకలూరిపేట బస్సు దహనం. 1993 మార్చిలో దోపిడీకని బస్సెక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. కోర్టులు ఉరి ఖాయం చేశాయి. ఆ ఇద్దరూ పేద దళిత కుటుంబాల వాళ్లు. హక్కుల సంఘాలూ రచయితలూ కదిలారు, చివరికి రాష్ట్రపతి క్షమాభిక్షతో 1998లో అది యావజ్జీవంగా మారింది. దీని మీద వాదన పెడితే ఇంకో షరతు కలపండి. ఉరి వద్దనే జట్టు ఆ 23 మందితో మొదలుపెట్టాలి. ఉరి కావాలనే జట్టు ఆ ఇద్దరి బతుకుతో మొదలుపెట్టాలి. ఎవరికి ఏది మింగుడుపడదో అక్కణ్ణుంచే వాళ్లు మాట్లాడాలి. ఇది కష్టం. పదో తరగతి దాటాక అయితే మేలు.

ఆ తండ్రికి జవాబు: వెనకేసుకురావడం వేరు, వకాల్తా వేరు. ముంబై దాడుల్లో పట్టుబడ్డ కసబ్‌కు కూడా మన కోర్టులు వకీలును పెట్టాయి. సుప్రీంకోర్టులో రాజు రామచంద్రన్ గారు కోర్టు సహాయకుడిగా ఆయన తరఫున వాదించారు. 2012లో కోర్టు కసబ్‌కు ఉరి ఖాయం చేసింది. అదే తీర్పులో, అదే కేసులో నిందితులైన ఇద్దరు భారతీయులు నిర్దోషులన్న తీర్పును కూడా సమర్థించింది. రెండో పక్షం వినకపోయి ఉంటే ఆ ఇద్దరి సంగతేంటి? అది ఆయన్నే అడగండి, కోపంగా కాకుండా.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, లా చదువుతానంటోంది. డిబేట్లలో ప్రైజులు తెస్తుంది, సంతోషమే. కానీ ఇంట్లో ఏమన్నా ఎదురు వాదన. ఆడపిల్లల పెళ్లి వయసు 21 చేస్తే మంచిదని నేనంటే, కాదని గంటసేపు పట్టుబట్టింది. మర్నాడు స్నేహితురాలితో ఫోన్లో నా వాదనే తనదైనట్టు చెబుతోంది! ఇది రెండు నాలుకల ధోరణి కాదా అండీ? (తెనాలి)

జవాబు: మీ వాదన మీకంటే బాగా చెప్పిందా లేదా? అది రాయలేదు మీరు.

నిజానికి మీ ఇంట్లో నడిచింది మంచి వాదన. మీరు అభ్యుదయం వైపే ఉన్నాననుకుంటున్నారు. 2021 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన బిల్లు ఉద్దేశం కూడా మీదే: చదువు, ఆరోగ్యం, మగపిల్లలతో సమానం. కానీ ఆడపిల్లల వైపు నిలబడేవాళ్లలోనే చాలామంది దాన్ని వ్యతిరేకించారు. 18కి ఓటేసే మనిషి పెళ్లి చేసుకోకూడదా, అంటారు. ఇష్టపడి చేసుకున్న జంటల మీద కన్నవాళ్లు పెట్టే కేసులకు ఇంకో మూడేళ్లు కలిసొస్తాయి, అంటారు. సమానం చేయాలంటే మగపిల్లలకూ 18 చాలని 2008లో లా కమిషనే చెప్పింది. పైగా 18 అన్న చట్టమే అమలు కావడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. ఆ లెక్కను మీరూ వాడుకోవచ్చు, మీ అమ్మాయీ వాడుకోవచ్చు. 'ఇంకా గట్టి చట్టం కావాలి' అని మీరు, 'చట్టంతో అయ్యేపని కాదు' అని తను. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. కాబట్టి మీ ఇద్దరికీ ఇంకా టైముంది.

ఒక్క మాట మాత్రం అమ్మాయికి చెప్పండి. కాలేజీలో పక్షం మార్చడం కసరత్తు. ఇంట్లో నాన్న అడిగినప్పుడు 'ఇది నా అభిప్రాయం, ఇది ఊరికే వాదిస్తున్నా' అని ముందే చెప్పాలి. అది చెప్పకపోతే మీ కోపంలో న్యాయముంది.

ప్రశ్న: వరంగల్‌లో లా రెండో సంవత్సరం చదువుతున్నాను. మూట్ కోర్టులో (సాధన కోసం మేం నడిపే ఉత్తుత్తి కోర్టు) ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్ వాటాను అందులోని కులాల మధ్య పంచడం, అంశంగా ఇచ్చారు. చీటీ తీస్తే నాకు వర్గీకరణను వ్యతిరేకించే పక్షం వచ్చింది. మాది మాదిగ కుటుంబం. మా నాన్న వర్గీకరణ కావాలన్న దండోరా సభలకు లారీలెక్కి వెళ్లినవాడు. నా రూమ్మేటుది మాల కుటుంబం, వాడికి అనుకూల పక్షం వచ్చింది. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నాం కానీ నాకు నిద్ర పట్టడం లేదు. చీటీ మార్చమని అడగాలా?

జవాబు: నాయనా, ముందు ఇది విను. మార్చమని అడిగే హక్కు నీకుంది. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. అడిగితే పిరికివాడివని ఎవరన్నా అంటే, వాళ్ల ఇంటి గాయం ఇంకా చీటీలోకి రాలేదని అర్థం.

ఇక నీ లెక్చరర్ చదువుతారని ఆశపడుతూ రెండు మాటలు రాస్తున్నా. రెండు పక్షాలున్న ప్రశ్న వేరు, లేని ప్రశ్న వేరు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. దాని మీద 'అనుకూలం, ప్రతికూలం' అని చీటీలు తీయించే మాస్టారు నాకు కనిపిస్తే ఆ చీటీలు చించేస్తాను. బెంచీ మీద కూర్చున్న ఒక పిల్లవాడు మనిషేనా కాదా అన్నది డిబేట్ కాదు. వర్గీకరణ అలాంటిది కాదు. ఉన్న వాటాను ఎలా పంచాలి, పంచే అధికారం ఎవరిది అన్న ప్రశ్న అది. నిజాయితీపరులు రెండు వైపులా ఉన్నారు, సుప్రీంకోర్టే రెండు వైపులా తీర్పిచ్చింది. అందుకే మూట్‌కు తగిన అంశమే. కానీ తరగతిలో ఎవరిది ఏ కులమో అందరికీ తెలిసిన చోట, చీటీ తీయించే ముందు 'ఎవరికైనా ఇబ్బందా' అని విడివిడిగా అడగడం మాస్టారి బాధ్యత. అందరి ముందూ అడగడం అడగకపోవడం కంటే అన్యాయం.

నన్నడిగితే మాత్రం నువ్వు ఆ పక్షం తీసుకో.

ఎందుకంటే నీ ప్రత్యర్థి ఏం చెబుతాడో నీకు పుట్టుకతో తెలుసు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం, జస్టిస్ రామచంద్రరాజు కమిషన్, ఏబీసీడీలుగా 1, 7, 6, 1 శాతాలు పంచిన 2000 నాటి చట్టం, ఇవన్నీ నువ్వు భోజనాల దగ్గర విన్నవే. నీకు తెలియనిది అవతలి గది. ఆ గది తాళంచెవి సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన చిన్నయ్య తీర్పు. అయిదుగురు జడ్జీలు మన రాష్ట్ర చట్టాన్ని కొట్టేశారు. ఎస్సీలంతా రాజ్యాంగం దృష్టిలో ఒకే వర్గం, 341వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాను మార్చే అధికారం పార్లమెంటుకే ఉంది, రాష్ట్రానికి లేదు అన్నారు.

2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి బెంచి 6–1తో దాన్ని తిరగేసింది. ఆ ఒక్కరు జస్టిస్ బేలా త్రివేది. ఆవిడ తీర్పే నీ బ్రీఫు. జాబితాలో చేర్చడం, తీసేయడం రాష్ట్రాల్లోని రాజకీయాలకు దొరక్కూడదనే 341(2) రాశారన్నది ఆవిడ పట్టుకున్న కొస. అది కులద్వేషం కాదు, అధికారాల లెక్క. దాన్ని నువ్వు మనసు చంపుకోకుండా వాదించొచ్చు.

ఇంకా లోతుకు వెళ్లాలంటే మెజారిటీ తీర్పు పెట్టిన షరతుల మీదికి వెళ్లు. వెనకబాటును లెక్కలతో చూపించాలి, ఒక ఉపవర్గానికే మొత్తం వాటా కట్టబెట్టకూడదు. ఏ లెక్కలు? ఎప్పటివి? ఉద్యోగాలు భర్తీయే చేయకుండా పంపకాల గొడవ పెట్టడం ఎవరికి లాభం? ఈ చివరి ప్రశ్న మీ నాన్నను అడిగి చూడు. ఆయన దగ్గర జవాబుంటుంది. ఆ జవాబే నీ రూమ్మేటు వాదనలో వస్తుంది, నువ్వు ముందే సిద్ధంగా ఉంటావు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు గ్రూపులుగా వర్గీకరణ చేసేశాయి కాబట్టి ఇది పాత కథ కదా అని బెంచి అనొచ్చు. దానికీ జవాబు రాసుకో.

బెంచి మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు 'మీ సొంత అభిప్రాయమేంటి కౌన్సెల్' అని గిల్లుతారు. గిల్లినా లొంగకు. 'నా క్లయింటు వాదన ఇది మైలార్డ్' అను, అంతే. కోర్టులో మా అందరి జవాబూ అదే. నీ అభిప్రాయం నీ జేబులో ఉంటుంది, బయటికొచ్చాక తీసి చూసుకోవచ్చు. నాన్నకు మాత్రం పోటీకి ముందే చెప్పు. వేరేవాళ్ల ఫోన్లో వీడియో చూసి తెలుసుకునే పరిస్థితి రానీయకు.

అన్నట్టు, రూమ్మేటూ నువ్వూ చీటీలు మార్చేసుకుందామని మాత్రం అనుకోకండి. ఆ ఆలోచన ఇద్దరికీ వచ్చే ఉంటుంది. ఇద్దరూ ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయినట్టే అది. రాత్రిళ్లు కూర్చుని ఒకరి మెమోరియల్ (రాసిచ్చే వాదన) ఒకరు దిద్దుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్లో లింకన్–డగ్లస్ డిబేట్ చేస్తుంది. శనివారం పొద్దున ఒక పక్షం, మధ్యాహ్నం రెండో పక్షం. గెలిచినా ఓడినా భుజాలెగరేస్తుంది. తనకంటూ ఒక అభిప్రాయం లేకుండా పోతుందేమోనని బెంగగా ఉంది.

జవాబు: తమాషా ఏమిటంటే, 1858లో ఇలినాయిలో సెనేట్ సీటు కోసం లింకనూ డగ్లసూ ఏడు చోట్ల వాదించుకున్నప్పుడు ఎవరూ పక్షం మార్చలేదమ్మా. బానిసత్వం మీద ఇద్దరూ తాము నమ్మిందే చెప్పారు. ఆ సెనేట్ సీటు డగ్లస్‌కే దక్కింది. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, ఏమంటుందో చూడండి.

బెంగ అక్కర్లేదు కానీ ఒక పని చేయండి. పోటీ నుంచి కారులో తిరిగొచ్చేటప్పుడు 'గెలిచావా' అని అడక్కండి. 'ఈ రోజు అవతలివాళ్లు చెప్పినదాంట్లో నీకు జవాబు దొరకనిది ఏది' అని అడగండి. తెలుగులో అడగండి. పోటీలో పేలిన ఇంగ్లీషు పదాలు అక్కడ పనికిరావు కాబట్టి పిల్ల కాసేపు ఆలోచిస్తుంది.

ప్రశ్న: మేం శ్రీకాకుళంలో లా మొదటి సంవత్సరం. మా అంతట మేమే నలుగురం రెండు జట్లుగా వాదించుకుని నేర్చుకోవాలనుకుంటున్నాం. మొదటి కేసు ఏది తీసుకోమంటారు?

జవాబు: సరీత – వెంకటసుబ్బయ్య, 1983, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. మన కేసు, కడప సబ్ కోర్టులో పుట్టింది. భార్య కాపురానికి రావడం లేదు, రమ్మని ఆదేశించండని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద భర్త వేసిన పిటిషన్. జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఆ సెక్షన్‌నే కొట్టేశారు. తన శరీరం ఎవరి దగ్గర ఉండాలో, బిడ్డను కనాలో వద్దో మనిషి తేల్చుకోవాలి కానీ కోర్టు డిక్రీ కాదన్నారు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఒకేలా రాసినంత మాత్రాన సెక్షన్ ఇద్దరి మీదా ఒకేలా పడదన్నారు. ఇంగ్లండు నుంచి మనకొచ్చిన ఈ పద్ధతిని ఆ ఇంగ్లండే 1970లో వదిలేసిందని గుర్తు చేశారు.

ఆ తర్వాత కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు హర్విందర్ కౌర్ కేసులో పూర్తిగా ఎదురు చెప్పింది. ఈ సెక్షన్ కోరేది కలిసి బతకడం, పడక కాదు. ఆదేశం పాటించకపోతే ఆస్తి జప్తు దాకానే, మనిషిని ఈడ్చుకెళ్లరు. ఏడాది దాటినా కలవకపోతే విడాకులకు దారి దొరుకుతుంది. ఇంటి గడప లోపలికి రాజ్యాంగాన్ని తేవద్దు. 1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఢిల్లీ వైపే మొగ్గి, సరీత తీర్పును కాదంది. 2019లో ఆ సెక్షన్‌ను మళ్లీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

మూడు తీర్పులూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు ఢిల్లీది చదవండి. చౌదరి గారి తీర్పు ముందు చదివితే ఆ వాక్యాల ఊపుకు నలుగురూ ఒకే జట్టయిపోతారు. సారాంశాల జోలికి, ఫోన్లో అడిగితే తయారుచేసిచ్చే వాదనల జోలికి ఈ ఒక్కసారికి వెళ్లొద్దు. అవి రెండు వైపులా మెత్తగా రాసిస్తాయి, దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియదు. తెలుగులోనే తయారవండి, పర్వాలేదు. కింది కోర్టుల్లో ఈ సెక్షన్ కింద సాక్ష్యం చెప్పేవాళ్లు మాట్లాడేది తెలుగే కదా.

ఇంకొకటి. సరోజ్ రాణి కేసులో కాపురానికి పిలిపించమని 9వ సెక్షన్ కింద మొదట కోర్టుకెక్కింది భార్య. డిక్రీకి భర్త ఒప్పుకున్నాడు, ఏడాది ఆగి అదే డిక్రీ చూపించి విడాకులడిగాడు. నేను గనక మీ బెంచి మీద కూర్చుంటే, రెండు జట్లనూ మొదట అడిగే ప్రశ్న దాని మీదే.